షటిల్ ముక్కులో సూది

మూడో అంతస్తు మెట్ల మీద రక్తపు చుక్కలు ఇంకా ఆరలేదు.

చెప్పులోకి దూర్చబోయిన కాలు ప్రసన్న వెనక్కి తీసుకుంది. చుక్కలు మెట్ల మీదే కాదు, గోడ మీద కూడా ఉన్నాయి. మోకాలి ఎత్తులో, సన్నగా, ఎవరో తడి బ్రష్షు విదిలించినట్టు. కింద ఎక్కడో తుమ్ము వినపడింది. వెంటనే ఇంకొకటి. ఆ తర్వాత ఆగకుండా వరసగా.

అది మనిషి తుమ్ము కాదు.

బ్యాగు భుజాన వేసుకుని రెండేసి మెట్లు దిగింది. రెండో అంతస్తు మలుపులో షటిల్ నిలబడి ఉంది. ఇటుకరంగు ఒళ్ళు, తెల్లటి మూతి. ఆ మూతి ఇప్పుడు తెల్లగా లేదు. ముందుకాలితో ముక్కు గీరుకుంటూ, తల అడ్డంగా విదిలిస్తూ, తుమ్మిన ప్రతిసారీ మూతి నేలకేసి కొట్టుకుంటోంది.

"షటిల్! ఏమైందిరా?"

కుక్క తోక ఊపడానికి ప్రయత్నించింది. సగం ఊపేలోపు ఇంకో తుమ్ము వచ్చింది. ప్రసన్న తెల్లకోటు అంచున ఎర్రటి చుక్కలు పడ్డాయి. దాన్ని ఎత్తుకుని గల్లీలోకి దిగింది.

సూరత్‌లోని గోడాదరాలో ఆ గల్లీ గల్లీ అంతా తెలంగాణ నేతవాళ్ళదే. మగ్గాల చప్పుడులో పుట్టిన కుక్కపిల్ల ఈ చివరి నుంచి ఆ చివరికి, ఆ చివరి నుంచి ఈ చివరికి అదేపనిగా పరుగెత్తుతుంటే మగ్గంలో పోగును మోస్తూ తిరిగే నాడెలా ఉందని ఎవరో షటిల్ అన్నారు. అదే పేరు నిలిచిపోయింది.

ప్రసన్న అర్బన్ హెల్త్ సెంటర్లో ల్యాబ్ టెక్నీషియన్. కరోనా వచ్చిన దగ్గర్నుంచి ఆమె పని ఒక్కటే: జనం ముక్కుల్లో పుల్ల పెట్టి తిప్పి, ట్యూబులో వేసి, మూత బిగించడం. గోడాదరాలో సగం మంది ముఖాలు ఆమెకు గుర్తులేవు. ముక్కులు గుర్తే.

ఏప్రిల్‌లో రెండో వేవ్ విరుచుకుపడ్డప్పుడు ఇంట్లోవాళ్ళకు అంటించకూడదని మిద్దె మీది చిన్న గదిలో నలభై రోజులు ఒంటరిగా ఉంది. అమ్మ పద్మారాణి పళ్ళెం మెట్ల మీద పెట్టి, దూరం నుంచే కళ్ళు తుడుచుకుని దిగిపోయేది. ఎదురైనవాళ్ళు గోడకు అతుక్కుని దారిచ్చేవాళ్ళు. షటిల్ మాత్రం రోజూ పైకొచ్చి, గడప మీద అడ్డంగా పడుకుని, ఆమె పాదం మీద తల ఆనించేది. ఆ నలభై రోజుల్లో ఆమెను ముట్టుకున్న ప్రాణి అదొక్కటే.

"దూరం జరుగు పొల్లా! దానికి కరోనా వట్టింది!"

కింది అంతస్తు నరహరి. ఇంటి ముందు వరండాలో చీరలు మడతపెట్టి, ట్యాగులు కుట్టి పంపించే పని అతనిది. మాస్కు మీద మాస్కు వేసుకుని, చేతిలో శానిటైజర్ సీసాను తుపాకీలా పట్టుకుని నిలబడ్డాడు.

"కాకా, కుక్కలకు గట్ల రాదు" అంది ప్రసన్న.

"నీకెట్ల తెల్సు? టీవీల పులికే వచ్చిందని చెప్పిండ్రు. పులికి వచ్చింది కుక్కకు రాదా?"

పక్క గుమ్మంలోంచి బాలవ్వ తొంగిచూసింది. ఆ గల్లీలో అందరికంటే పెద్దది. ఏ వాదనలోనైనా ముందు మాట్లాడినవాళ్ళ పక్షం.

"నిజమే బిడ్డా. పులికచ్చింది. నేను సుత చూసిన."

"అవ్వా, నువ్వు చూసింది సీరియల్."

"సీరియల్ల గూడ వచ్చిందేమో, ఎవలకెర్క?"

నరహరి నవ్వలేదు. "మున్సిపాలిటీకి ఫోన్ కొట్టిన. సాయంత్రం ఐదింటికి వ్యాన్ వస్తది. ఎక్కించి పంపుడే."

"ఏడికి పంపుడు?"

"ఏడికన్న. ఈడ మాత్రం ఉండద్దు."

ముక్కులోంచి రక్తం కారుతున్న కుక్కను ఆ వ్యాన్ ఎక్కిస్తే మళ్ళీ ఈ గల్లీకి రాదు. ఆ సంగతి నరహరికీ తెలుసు, ఆమెకీ తెలుసు.

అప్పుడే గల్లీ మొదట్లో బైకు ఆగింది. సుమన్. పాండేసరలోని డైయింగ్ మిల్లులో రంగులు కలిపే పని. రాత్రి షిఫ్టు దిగి వస్తున్నాడు. పక్క బిల్డింగే అతనిది. రెండు మిద్దెలకూ మధ్య పిట్టగోడ ఒక్కటే అడ్డం.

ఈ సుమన్ గురించి ప్రసన్నకు ఒక నిశ్చితాభిప్రాయం ఉంది. ఏడాదిన్నరలో ఏడుసార్లు టెస్టు చేయించుకున్నాడు. దగ్గు లేదు, జ్వరం లేదు, ఏడుసార్లూ నెగటివే. సూరత్ మొత్తానికి ఇంతటి పిరికివాడు లేడని ఆమె తీర్మానించుకుంది.

"ఏంది లొల్లి?" అన్నాడు హెల్మెట్ తీస్తూ. షటిల్‌ను చూసి హెల్మెట్ కిందపడేశాడు. "అరే! రక్తమేంది?"

"వచ్చి పట్టుకో" అంది ప్రసన్న. "భయమైతే పో."

"నాకేం భయం?"

"ఏడుసార్లు ముక్కు చూపించుకున్నోనివి, నీకు భయం లేదా?"

సుమన్ హెల్మెట్‌ను పక్కకు తోశాడు. మోకాళ్ళ మీద కూర్చుని షటిల్‌ను ఒళ్ళోకి తీసుకుని, తలను రెండు చేతులతో మెత్తగా పట్టుకున్నాడు.

ప్రసన్న ఫోను టార్చి వెలిగించి వంగింది. ఈ లోకంలో ఇక చూడకూడదు అనుకున్నది ఏదైనా ఉంటే అది ఇంకో ముక్కు. అయినా చూసింది. ఎడమ రంధ్రంలో, రక్తం వెనక, వెంట్రుకంత సన్నటిది ఒకటి, వెనక దారంలాంటి తోకతో, మెరిసింది. బ్యాగులోంచి చిన్న పటకారు తీసి దాని కొస అందుకోబోయింది. షటిల్ తుమ్మింది. ఆ తళుకు లోపలికి జారి మాయమైంది.

"సూది" అంది ప్రసన్న. "దారం తోని ఉన్న సూది. ఎవలో కావాల్నని గుచ్చిండ్రు."

ప్రసన్న చూపు నరహరి వరండా మీదికి వెళ్ళింది. చీరల కట్టలు, ట్యాగులు, దబ్బనం, దారం గుచ్చిన సూదులు.

"ఏంది గట్ల చూస్తున్నవ్?" అన్నాడు నరహరి.

"ఈ గల్లీల సూదులు ఎవలింట్ల ఉన్నయి కాకా?"

"ప్రసన్నా!"

"వ్యాన్‌ను పిలిచింది ఎవలు? కుక్కంటే పడనిది ఎవలకు?"

నరహరి మాస్కులు రెండూ కిందికి లాగాడు. గడ్డం మాసి ఉంది. కోపంగా ఏదో అంటాడనుకుంది. గొంతు మాత్రం సన్నగా వచ్చింది.

"ఏప్రిల్ల నా తమ్మునికి గూడ ముందుగాల తుమ్ములే వచ్చినయ్. ఉత్త తుమ్ములే కదా అన్న నేను. గంతే, మనిషి దక్కలే. నేను సూది గుచ్చేటోన్ని గాదు పొల్లా. నాకు భయం, అంతే."

షటిల్ మళ్ళీ తుమ్మింది.

"ఐదింటి వరకు టైం ఇయ్యి కాకా" అన్నాడు సుమన్ లేస్తూ. "డాక్టర్ దగ్గరికి తీస్కపోయి వస్తం. కరోనా అని చెప్తే నేనే వ్యాన్ ఎక్కిస్త."

"ఐదు దాటితే ఒక్క నిమిషం సుత ఆగ."

* * *

సెంటర్ ఇంచార్జికి ఫోన్ చేసి పూట సెలవు అడిగింది. తొమ్మిది నెలల్లో అది మొదటి సెలవు. కారణం అడిగాడు. "ఇంట్ల మనిషికి బాగలేదు సార్" అంది. అబద్ధమని ఆమెకు అనిపించలేదు.

షటిల్‌ను పాత చీర గుడ్డలో చుట్టి ఒళ్ళో పెట్టుకుని బైకు ఎక్కింది. ఉధనా దాకా వెళ్ళేసరికి వాన మొదలైంది. వెళ్ళిపోతూ వెళ్ళిపోతూ ఏదో మర్చిపోయి వెనక్కొచ్చిన చుట్టంలా ఉంది ఆ వాన. సుమన్ ఫ్లైఓవర్ కింద బైకు ఆపాడు.

"నువ్వు రాత్రంత పనిచేసి వచ్చినవు. నిద్ర వస్తలేదా?" అంది ప్రసన్న.

"వస్తున్నది. నీకు?"

"నాకు పోయిన ఏడాది మార్చి సంది వస్తున్నది."

అతను నవ్వాడు. ఆమె కూడా నవ్వబోయి, మాస్కు లోపల నవ్వితే ఎవరికి తెలుస్తుందిలే అని మానేసింది. అతనికి తెలిసినట్టే ఉంది. కళ్ళు తిప్పుకోలేదు. వాన చినుకొకటి అతని కనురెప్ప మీద ఆగింది. తుడుచుకోలేదు కూడా.

"ఏంది?" అంది.

"ఏం లేదు. నీ ముఖం ఎట్లుంటదో యాదికి తెచ్చుకుంటున్న. మాస్కు లేకుంట చూసి ఏడాదిన్నరైంది."

"ముందల రోడ్డు చూసి నడుపు. గది చాలు."

"బండి ఆగి ఉన్నది ప్రసన్నా."

షటిల్ ఇద్దరి మధ్యా తుమ్మింది. ఇద్దరి ముఖాల మీదా పడింది.

పశువుల డాక్టర్ గుజరాతీ ఆయన. కుర్చీలో కూర్చుని కునికిపాట్లు పడుతున్నాడు. కంపౌండరు లేపితే లేచాడు. కుక్కను చూడకముందే ప్రసన్న కోటును చూసి హిందీలో అడిగాడు: "మీది కరోనా డ్యూటీనా?"

"అవును."

"చాలా అలసిపోయారు."

అంత మామూలు మాటకు ప్రసన్న కళ్ళలో నీళ్ళు తిరిగాయి. ఎందుకో ఆమెకే అర్థం కాలేదు.

షటిల్‌కు మత్తు సూది ఇచ్చారు. తుమ్ములు ఆగాయి. డాక్టర్ నెత్తిన దీపం కట్టుకుని, పొడుగాటి సన్నటి పటకారును ముక్కులోకి నెమ్మదిగా పంపించాడు. గోడ గడియారం చప్పుడు పెద్దగా వినిపించింది. సుమన్ టేబుల్ అంచును పట్టుకున్న చేతుల్లో నరాలు తేలాయి.

"దొరికింది."

స్టీలు పళ్ళెంలో టక్కుమని ఏదో పడింది. ముగ్గురూ వంగి చూశారు.

సూది కాదు. జీలకర్ర గింజంత ఉంది. ఒక కొస మొన తేలి, ఇంకో కొసకు వెంట్రుకలాంటి తోక ఉంది. ఒంటి నిండా వెనక్కి వాలిన సన్నటి నూగు.

"గడ్డి గింజ" అన్నాడు డాక్టర్. "ఈ నూగు చూశారా? ముందుకు పోనిస్తుంది, వెనక్కి రానివ్వదు. ఊపిరి పీల్చినా లోపలికే, గీరుకున్నా లోపలికే. ఊపిరితిత్తుల దాకా పోయినవి చూశాను నేను. ఇంకో రెండు రోజులు ఆగితే ఇదీ పోయేది."

అంతటితో ఆగలేదు ఆయన. షటిల్ పాదాలు ఎత్తి వేళ్ళు విడదీశాడు. కుడి ముందుకాలి వేళ్ళ మధ్య చిన్న బుడిపె. అందులోంచి ఇంకో గింజ. చెవి మడతలో ఇంకొకటి, ఇంకా లోపలికి దిగనిది.

"ఎండుగడ్డిలో దొర్లిందిది. బయట తిరిగి రాగానే వేళ్ళ సందులు, చెవులు, చంకలు చేత్తో తడిమి చూడాలి. దువ్వెన పెట్టి దువ్వాలి. వేళ్ళ మధ్య వెంట్రుకలు కత్తిరించేయాలి. తల అదేపనిగా విదిలించినా, పాదం ఒకటే నాకినా ఆగకుండా తీసుకురండి. అన్నిటికన్నా ముందు ఆ గడ్డి ఎక్కడుందో వెతికి తీసేయండి. మీ వీధిలో ఇంకా కుక్కలున్నాయా?"

"ఉన్నాయి. కానీ మా గల్లీలో గడ్డి ఎక్కడిది సార్? మనుషులు నిలబడ్డానికే చోటు లేదు. అంతా సిమెంటే."

"అయితే ఎవరో తెచ్చారు" అన్నాడు డాక్టర్, చేతులు కడుక్కుంటూ.

ప్రసన్న సుమన్ వైపు చూసింది. అతను పళ్ళెంలోని గింజనే చూస్తున్నాడు. ముఖం నల్లబడిపోయింది.

"ఏమైంది? రక్తం చూస్తే పడదా?"

"ఆఁ" అన్నాడు. "పడదు."

గింజల్ని ప్రసన్న ఖాళీ శాంపిల్ ట్యూబులో వేసి మూత బిగించింది. బయట టీ బండి దగ్గర సుమన్ రెండు టీలు చెప్పాడు. అతని టీ మీద మీగడ కట్టింది. తాగలేదు. దారంతా ఒక్క మాట లేదు. పొద్దున అంత మాట్లాడినవాడికి ఏమైందో ఆమెకు తెలియలేదు. మాస్కు గురించి అన్న మాటకు ఇప్పుడు సిగ్గుపడుతున్నాడేమో అనుకుంది. తనేదైనా కటువుగా అన్నదా అని వెనక్కి తలచుకుంది. ఆ ఆలోచనే కొత్తగా ఉంది. ఎవరేమనుకున్నారో ఆలోచించే ఓపిక ఆమెకు ఎప్పుడో పోయింది.

సెంటర్ ముందు దిగి, "షటిల్‌ను మా అమ్మకు అప్పజెప్పు. మత్తు దిగేదాక మిద్దె మీది గదిల పండుకోవెట్టమను" అంది.

"సరే."

"సుమన్, థాంక్స్."

అతను ఆమె ముఖంలోకి చూడకుండా బైకు తిప్పాడు.

* * *

సాయంత్రం నాలుగూ ముప్పావుకి ఆటో దిగేసరికి వ్యాన్ వచ్చి ఉంది. వల పట్టుకుని ఇద్దరు మనుషులు నిలబడ్డారు. ప్రసన్న పరుగెత్తుకెళ్ళి నరహరి ముఖం ముందు ట్యూబు ఎత్తింది.

"ఇది చూడు కాకా. కరోనా గాదు, సూది గాదు. గడ్డి గింజ. డాక్టర్ ముక్కులకెల్లి తీసిండు. గిది కాయితం."

నరహరి ట్యూబును వెలుతురుకు పెట్టి చూశాడు. కాగితం చదివాడు. మళ్ళీ ట్యూబు చూశాడు.

"ముల్లా?" అన్నాడు. "ఉత్త ముల్లేనా?"

"ఉత్త ముల్లే. నిన్ను అనరాని మాట అన్న. తప్పైంది కాకా."

నరహరి చీరల కట్ట మీద కూలబడ్డాడు. ఆ ముఖంలో కోపం లేదు. ఆరునెలల తర్వాత ఒక తుమ్ము తుమ్ముగానే మిగిలినందుకు ఏం చేయాలో తెలియని మనిషిలా ఉన్నాడు. వ్యాన్ వాళ్ళను చేత్తోనే వెళ్ళిపొమ్మన్నాడు.

"పోనీ తియ్యి" అన్నాడు చివరికి. "గని గీ ముల్లు మన గల్లీలకు ఎట్లొచ్చింది? రేపు ఇంకోటి తుమ్మితే?"

అదే ప్రశ్న మధ్యాహ్నం నుంచి ప్రసన్నను తొలుస్తోంది. పాజిటివ్ వచ్చిన మనిషిని ఎలా అడుగుతారో అలాగే ఆలోచించింది. ఎక్కడ తిన్నాడు, ఎవరితో తిరిగాడు, ఎక్కడ పడుకున్నాడు? షటిల్ తిండి బాలవ్వ గుమ్మంలో. తిరుగుడు సిమెంటు రోడ్డు మీద. పడక మిద్దె మీద, నీళ్ళ ట్యాంకు వెనక.

మెట్లెక్కింది. మోకాళ్ళు తిట్టుకుంటూ బాలవ్వ వెనకే వచ్చింది.

మిద్దె తలుపు తీయగానే ప్రసన్న ఆగిపోయింది. నేల తళతళలాడుతోంది. వాన కడిగిన కడుగు కాదు. ఎవరో బకెట్ల కొద్దీ నీళ్ళు పోసి, చీపురుతో రుద్ది కడిగారు. పిట్టగోడ మొదళ్ళు కూడా గీకి ఉన్నాయి.

అంటే చేసినవాడికి తెలుసు. తెలిసి, ఆనవాలు లేకుండా చేశాడు.

నెమ్మదిగా నడుస్తూ నీళ్ళు పోయే తూము దగ్గర వంగింది. జాలీలో ఒకటి ఇరుక్కుని ఉంది. వేలెడంత పొడుగు కంకి. నూగు నూగుగా, వెండి పోగులా. సగానికి మాత్రం గులాబీ రంగు పట్టి ఉంది.

"ఇటు దే" అంది బాలవ్వ. కళ్ళకు దగ్గరగా పెట్టుకుంది. దూరంగా పెట్టుకుంది. గింజ గిల్లి అరచేతిలో నలిపి "అబ్బా!" అని విదిలించింది. అంతలోనే పకపకా నవ్వడం మొదలుపెట్టింది.

"ఏందవ్వా?"

"బతుకమ్మల పేర్సే గునుగు పువ్వుకు రంగేసినట్టు ఏసిండు బిడ్డా! ఇది గునుగా? ముండ్లగడ్డి! ఎడ్లు సుత మూతి పెట్టయి. ఎవడో పుట్టి బుద్ధెరిగి గునుగు చేను చూడనోడు, బతుకమ్మకని కోసుకొచ్చిండు." నవ్వాపుకుని తల కొద్దిగా పక్కకు వంచింది. "ఎవల బతుకమ్మకో!"

బాలవ్వ చూపు ఎటు పోతోందో ప్రసన్న అటు చూసింది. ట్యాంకు అవతల నేల మీద రెండు కాళ్ళు కనిపించాయి. తడిసి, మోకాళ్ళ దాకా మడిచిన ప్యాంటు. పక్కన చీపురు, బకెట్. ఆ కాళ్ళ మీద షటిల్ తల్లి బాబిన్ వెల్లకిలా పడుకుని, నాలుగు పాదాలూ గాల్లో పెట్టి ఉంది. రెండు చేతులు దాని వేళ్ళు విడదీసి చూస్తున్నాయి.

"నాకు మోకాళ్ళు గుంజుతున్నయ్, నేను పోత" అంది బాలవ్వ. మెట్ల దగ్గర ఆగి, గొంతు తగ్గించకుండానే చెప్పింది. "పోరడు మంచోడే బిడ్డా. గడ్డే మంచిది గాదు."

ప్రసన్న ట్యాంకు చుట్టూ తిరిగి వచ్చి నిలబడింది. సుమన్ తలెత్తలేదు. అతని కళ్ళు ఎర్రగా ఉన్నాయి. నిన్న సాయంత్రం నుంచి ఆ కళ్ళు మూతపడలేదు. అతని పక్కన పాత సబ్బుపెట్టె మూతలో ఏరిన గింజలు కుప్పగా ఉన్నాయి.

అరవాలనుకుంది. అరవడానికి కూడా కొంత బలం కావాలి. ట్యాంకుకు ఆనుకుని నేల మీద కూలబడింది. సన్నగా జల్లు మొదలైంది. ఇద్దరిలో ఎవరూ లేవలేదు.

"చెప్పు" అంది. "మొదటికెల్లి చెప్పు."

సుమన్ బాబిన్ పాదం వదలకుండానే చెప్పాడు.

"నేనే తెచ్చిన. ఇంకెవ్వలు గాదు. పోయిన నెల నువ్వు ఈన్నే కూసోని బాలవ్వతోని అంటున్నవు. రెండేండ్ల సంది స్పిరిట్ వాసన తప్ప ఇంకో వాసన తెల్వలేదు, ఈసారన్న చేతినిండ గునుగు వట్టుకొని బతుకమ్మ పేర్సాలె అని. ఊరికెల్లి పూలు వచ్చేటట్టు లేదని అవ్వ అన్నది. నేను మా మిద్దె మీద బట్టలు ఆరేస్తున్న. విన్న. కావాల్ననే విన్న.

సచిన్ ఊరు దాటినంక ఖాళీ ప్లాట్లున్నయి. షిఫ్టు దిగి అటు పోయిన. తెల్లగ, వెండి లెక్క, గాలికి ఊగుతున్నది. ఇదే గునుగు అనుకున్న. నేను సూరత్ల పుట్టినోన్ని. నేను చూసిన గునుగు రంగులేసి, పేర్చి, తాంబాలంల ఉన్న గునుగే. చెట్టుకున్నది ఒక్కసారి సుత చూడలే. ఎవలనన్న అడిగితే అయిపోవు. అడిగితే ఎవలకని అడుగుతరని అడగలే. రెండు బస్తాలు కోసిన. చేతులకు గుచ్చుకున్నది. గుచ్చుకోనీ అనుకున్న. మిల్లుల మిగిలిన గులాబి రంగు తెచ్చి ముంచిన. మా మిద్దె మీద పెడితే అమ్మ చూస్తదని మీ ట్యాంకు వెనక ఆరవెట్టిన. సద్దుల బతుకమ్మ నాడు మీ తలుపు ముందర పెట్టి ఉరుకుదామనుకున్న. షటిల్ ఆ బస్తాల మీద పండుకుంటుంటే చూసిన. మెత్తగున్నది, పండుకోనీ అనుకున్న. దాని ముక్కుల ముల్లు దింపింది నేనే.

డాక్టర్ పళ్ళెంల గింజ వెయ్యంగనే గుర్తువట్టిన. గప్పుడే చెప్పాలె. చెప్పలే. పొద్దున నరహరి కాకను నువ్వు చూసిన చూపు యాదికొచ్చింది. ఆ చూపు నా మీదికి వస్తే నేను తట్టుకోలేను. నిన్ను సెంటర్ కాడ దించి, సీదా ఈడికి వచ్చి, బస్తాలు రెండు డ్రమ్ముల ఏసి కాలవెట్టిన. మిద్దె కడిగిన. అబద్ధమెందుకు, కుక్కల కోసం కడగలే. నీకు తెల్వద్దని కడిగిన. నడుమల బాబిన్ వచ్చి పక్కన కూసోని కాలు నాకుతున్నది. నేను దొంగలెక్క దాస్తుంటే, అది నన్ను నమ్మి నా ఒళ్ళె కాలు పెట్టింది. వేళ్ళు విప్పిచూస్తే రెండు గింజలు. ఇగ అప్పుడు సిగ్గనిపించింది. అప్పటిసంది గల్లీల కుక్కలను ఒక్కొక్కదాన్ని పట్టుకొచ్చి చూస్తున్న. ఇది ఆఖరిది. నువ్వు రాకుంటే నేనే మీ ఇంటికి వచ్చేటోన్నో, వద్దనుకొని పండుకునేటోన్నో, ఆ సంగతి మాత్రం నాకు సుత తెల్వదు.

నువ్వంటే ఇష్టం ప్రసన్నా. ఏడుసార్లు టెస్టుకొచ్చింది సుత నిన్ను చూసేటందుకే. మంచిగ చెప్ప రాదు నాకు. మంచి పని చెయ్యబోతే గిట్లయింది. కోపం చెయ్యి, మాట్లాడకు, నీ ఇష్టం. గని ఇయ్యాల చెయ్యకు, రేపు చెయ్యి. నువ్వు కూసున్నకాడ్నే కండ్లు మూతవడుతున్నయ్. నరహరి కాకకు నేనే పోయి చెప్త, గడ్డి తెచ్చింది నేనే అని. పొద్దున ఒకసారి, సాయంత్రం ఒకసారి కుక్కల కాళ్ళు, చెవులు నేనే చూస్త, ఎన్ని రోజులైన సరే. నువ్వు ఇగ ఎవల ముక్కు చూడకు, ఎవలను కాయకు. లోపటికి పోయి జర పండుకో. షటిల్ లేచేదాక నేను ఈన్నే కూసుంట."